దీవెన బిగించిన కంప్యూటర్

శనివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక దీవెన ముందుగదిలో పాత దుప్పటి పరిచి, కొత్త కంప్యూటర్ సామాన్లన్నీ అట్టపెట్టెల్లోంచి తీసి దాని మీద పెట్టింది. భర్త జయకుమార్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఆ ఇంట్లో కంప్యూటర్ విప్పినా బిగించినా ఇన్నాళ్లూ అతని పనే. కర్నూలు కొత్త బస్టాండు దగ్గర చిన్న గదిలో రిపేరు షాపు నడిపినవాడు. పోయినేడు పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది, మాట తేరుకుంది, కుడిచెయ్యి మాత్రం తేరుకోలేదు. షాపు మూసేశాడు. చెయ్యి సంగతి ఎవరడిగినా నరం పట్టిందనీ, తగ్గిపోతుందనీ చెప్పేవాడు. అతను వింటుంటే దీవెన కూడా అదే చెప్పేది.

ఆమె కల్లూరులో మిషన్ బడి టీచరు. ప్రశ్నపత్రాలూ, చర్చివాళ్ల పాటల కాగితాలూ ఇంట్లోనే టైపు చేస్తుంది. పాత కంప్యూటర్ బోర్డు కాలిపోయాక కొన్నాళ్లు ఫోన్‌తోనే తంటాలు పడింది. కడపలో ఇంజనీరింగ్ చదివే కూతురు మహిమ సెలవులకొచ్చి, ఏమేం కొనాలో నాయనతో మాట్లాడి అన్నీ తెప్పించింది. లినక్స్ అని, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్ డ్రైవ్‌లో వేసిచ్చి, కాలేజీ తెరవగానే వెళ్లిపోయింది. జయకుమార్‌కు అది నచ్చలేదు. అలవాటైనదాన్ని వదిలి ముక్కూమొహం తెలియనిదాన్ని ఇంట్లో పెట్టుకోవడం ఎందుకన్నాడు. దీవెన వాదించలేదు. వాడేది తను కదా, చూద్దామంది.

పని మొదలుపెట్టే ముందు కిటికీ ఊచ పట్టుకోమన్నాడు. ఈ ఎండుగాలికి ఒంట్లో పుట్టే కరెంటు చాలట, బోర్డు చెడిపోవడానికి; ఇనుము తాకితే అది దిగిపోతుందట. ఊచ కాలుతోంది. అయినా పట్టుకుంది. ఆ తర్వాత మదర్‌బోర్డు తీసి అట్ట మీద పెట్టి, ప్రాసెసర్ డబ్బా తెరిచేసరికి అతను ఎడమచెయ్యి చాపాడు.

"ఇది నేను పెడతా. ఒక్క పిన్ను వంగినా బోర్డు పనికిరాదు."

ఆమె ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సిందేమోనని ఇచ్చాక అనిపించింది. అతను కుర్చీలోంచి దిగి దుప్పటి మీద కూర్చున్నాడు. ఆ చిన్న బిళ్లను ఎడమచేతి వేళ్లతో పట్టుకుని, కుడిచేతిని ఆసరాకు తెచ్చుకున్నాడు. ఆసరాకు వచ్చిన చెయ్యే వణికింది. బిళ్ల సాకెట్ పైన ఊగింది. చెయ్యి చాపితే అతనేమనుకుంటాడో, చాపకపోతే ఏమవుతుందోనని దీవెన తటపటాయించింది.

జయకుమార్ చెయ్యి వెనక్కి తీసుకుని ప్రాసెసర్‌ను మళ్లీ దాని డబ్బాలో పెట్టాడు.

"నా చెయ్యి నా మాట వినకుండా ఉండాది దీవెనా," అన్నాడు. "ఇంక వినదేమో గూడా."

ఎప్పుడో ఒకరోజు ఈ మాట అంటాడని ఆమెకు తెలుసు. దానికి జవాబుగా డాక్టరు చెప్పినవీ, పాస్టరమ్మ చెప్పినవీ ఎన్నో మాటలు దాచిపెట్టుకుంది. అవన్నీ పక్కనపెట్టి, ప్రాసెసర్‌ను చేతిలోకి తీసుకుంది.

"ఈ మూలనుండే త్రికోణం యా పక్కకు రావల్ల?"

అతను ముందుకు వంగి సాకెట్ చూపించాడు. "ఎడమ పక్కకు, కింది మూలకు. ఒత్తొద్దు. ఊరికే వదులు, అదే కూర్చుంటాది."

కూర్చుంది.

ఆ తర్వాత అతను చెబుతూ పోయాడు, ఆమె బిగిస్తూ పోయింది. ఒక స్క్రూ కిందపడి మంచం కిందికి దొర్లితే ఇద్దరూ వెతికారు. స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది గానీ తెర మీద ఏమీ రాలేదు. అతను ర్యామ్ ముక్క గాడిలో పూర్తిగా దిగలేదన్నాడు. తీసి, టక్కుమనేదాకా నొక్కి మళ్లీ వేస్తే తెర వెలిగింది.

పెన్ డ్రైవ్ పెట్టాక ముందుగా ఏ భాష కావాలని కంప్యూటర్ అడిగింది. దీవెన తెలుగు ఎంచుకుంది. అంతా ఎక్కాక చూస్తే, ఇంగ్లీషు మెనూలన్నీ కళ్లు మూసుకుని చెప్పగల జయకుమార్ ఒక్కో మాట దగ్గరా ఆగిపోయాడు. అమరికలంటే ఏందని అడిగాడు. సెట్టింగులంది ఆమె. ఆ మాట పెట్టినవాళ్లది ఏ ఊరో అని నవ్వాడు. ఇదివరకు ఆమె మౌస్ పట్టుకుంటే చాలు, ఆడ కాదు ఈడ అని ముందే చెప్పేసేవాడు. ఇప్పుడు ఆమెతో పాటు అతనూ వెతుక్కుంటున్నాడు. ఈ తెర ముందు ఇద్దరూ కొత్తవాళ్లే. దీవెనకు ఆ సంగతి ఎందుకో హాయిగా అనిపించింది.

దీవెన టీ పెట్టి తెచ్చేసరికి మౌస్ కీబోర్డుకు ఎడమ పక్కకు మారింది. ఎడమచేతివాళ్లకు మౌస్ మీటలు తారుమారు చేసే చోటు అతనే కనుక్కున్నాడు. అయినా వేలు తప్పుతోంది. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతున్నాడు. శానా తిప్పలుండాదన్నాడు గానీ లేవలేదు. టీ చల్లారిపోయింది.

అంతా సాఫీగా ఏం జరగలేదు. ఇంట్లో ఉన్న పాత ప్రింటర్‌ను ఆ కొత్త సిస్టమ్ గుర్తుపట్టలేదు. పరీక్షలు దగ్గరపడుతుంటే దీవెన కాగితాల కోసం జిరాక్సు షాపుకు తిరిగింది. మీ మాట వినాల్సింది అని ఒకరోజు విసుగ్గా అనేసింది కూడా. అతను 'నేను చెప్పలేదా' అనలేదు. మహిమకు తనే ఫోన్ చేసి, కూతురు చెప్పిన కమాండ్లన్నీ ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. రోజూ దీవెన బడికి వెళ్లాక అదే పని.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ప్రింటర్ పక్కన ఏడో తరగతి సోషల్ పేపరు అచ్చయి ఉంది. ఆమె సంచి దించి నిలబడే చదివింది. మూడో ప్రశ్నలో తుంగభద్రకు ఒత్తు పడలేదని అతను వేలితో చూపించాడు.

"నువ్వు కొట్టిందే," అన్నాడు. "దిద్దు. ఇంకోటి తీస్తా."

ఆమె కుర్చీ లాక్కుని అతని కుడిపక్కన కూర్చుంది.