రెండో నంబరు

నేను ఒక గడిని. కంప్యూటర్ తెర మీద ‘ఫోన్ నంబరు’ అనే మాట పక్కన తెల్లగా కనిపిస్తానే, అదే నేను. మత్స్యకారుల గుర్తింపు వివరాలు దాచే యంత్రంలో నా కాపురం. నాకు మనుషులంటే రోత. ఊరికే పుట్టిన రోత కాదు, వినండి.

నన్ను తయారుచేసినవాడు నిశాంత్ అనే కుర్ర ఇంజనీరు. హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చుని, చిప్స్ నములుతూ చేశాడు. పక్క కుర్చీలోని వహీదా, “ఒక్కో మనిషికి రెండు మూడు నంబర్లుంటాయి కదా, ఎలా?” అని అడిగింది. అందుకని నా లోపలి భాగాన్ని పెద్ద సంచిలా కుట్టాడు. ఎన్ని నంబర్లు వేసినా పడతాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ వేరే యంత్రాలు వచ్చి నన్ను నంబరు అడిగే కిటికీ ఒకటుంది. దానికి మాత్రం ఒక్క నంబరు పట్టేంత కంత పెట్టాడు.

“అడిగినవాళ్లకి అన్నీ ఇవ్వాలి కదా?” అంది వహీదా.

“అవతలివాళ్లు ఒకటే తీసుకుంటారు. పైనున్నది ఇచ్చేద్దాం. ఎవరు చూడొచ్చారు!” అన్నాడు నిశాంత్. అది శుక్రవారం సాయంత్రం. అతనికి సినిమా టైమవుతోంది. ఇలాంటి పనికి వీళ్లు చప్పట్లు కూడా కొట్టుకుంటారు, కొట్టుకున్నారు.

అక్కడినుంచి ఉప్పుటేరుపాలెం సంఘం ఆఫీసుకి వచ్చి పడ్డాను. గుమస్తా చక్రపాణి ఒక్క వేలితో కొడతాడు, ఆ వేలికి ఎప్పుడూ పకోడీల నూనె. నాలో ఏమేం కుక్కాడో చెబితే మీకూ వాంతి వస్తుంది. ఎప్పుడో పారేసిన నంబర్లు, కిరాణా కొట్టు నంబరు, ఒకచోట ‘అడిగి చెప్తారు’ అన్న మాట. అన్నీ మింగాను. కాదనే నోరు నాకు లేదు.

ఆ ఊళ్లో వేటకి వెళ్లే మగాడి ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని మొలలో ఉంటుంది. ఇంకో ఫోను ఇంట్లో భార్య దగ్గర. ఏటా వేసవిలో వేట నిషేధం పెడతారు. అప్పుడొచ్చే భృతి కబురు చూసుకునేది ఆడవాళ్లే కాబట్టి, ఊరు ఊరంతా వచ్చి భార్యల నంబర్లు పైకి ఎక్కించుకుంటుంది. సూరాడ దానయ్య కూడా అలాగే వచ్చాడు.

“మా కొర్లమ్మ నంబరు పైన ఎయ్యి బాబూ.”

నిషేధం తీరాక చాలామంది నంబర్లు మార్పించుకోవడం మర్చిపోయారు. దానయ్య మర్చిపోలేదు. గాలంటే భయపడే మనిషి, పనిగట్టుకుని వచ్చాడు.

“నాను ఏటకెలిపోతన్నాను బాబూ. గాలి కబురు నా ఫోనుకి రావాల.”

చక్రపాణి తెర వైపు చూశాడు. “రెండూ ఉన్నాయి కదయ్యా. ఇంకెందుకు భయం?” అన్నాడు. పైదాన్ని కిందకీ కిందిదాన్ని పైకీ మార్చడానికి వాడికి నిమిషం పట్టదు. ఆ నిమిషంలో పకోడీలు చల్లారిపోతాయి కాబోలు. దానయ్య నమ్మి వెళ్లిపోయాడు.

గాలి లేచిన రోజు తుపాను హెచ్చరికలు పంపే యంత్రం నా కిటికీ దగ్గరికి వచ్చింది. దానయ్య నంబరు చెప్పమంది. సంచిలో రెండూ ఉన్నాయి, కంతలోంచి పైదే బయటికి వెళ్లింది. కొర్లమ్మ అప్పటికే చేపల గంప ఎత్తుకుని సంతకి వెళ్లింది. తడి చేతులతో పట్టుకోవడం కుదరదు గనక ఫోను ఇంట్లో పెట్టి తాళం వేసింది. ‘వెంటనే ఒడ్డుకు రండి’ అన్న కబురు ఆ తాళం వేసిన ఇంట్లో మోగి ఊరుకుంది. తమ ఫోనుకే కబురు అందినవాళ్లు పడవలు తిప్పేశారు. దానయ్య ఉత్తరం వైపు ఒంటరిగా ఉన్నాడు. కొర్లమ్మ ఇంటికి వచ్చి, కబురు చూసి, ఫోను చెవికి పెట్టుకునే ఒడ్డుకు పరిగెత్తింది. అప్పటికి అవతల ఫోను మోగడం లేదు. మర్నాడు పడవ ఒక్కటే కొట్టుకొచ్చింది.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. తెర మీద దానయ్య పేరు ఎదురుగా పచ్చటి టిక్కు, పక్కన ‘చేరింది’ అన్న మాట.

“ఏ ఫోనుకి చేరినాదయ్యా?” అంది కొర్లమ్మ. “పొద్దున్న తన ఫోనులో నాతోటి మాటాడినాడు. వంజరం పడ్డాదే, పులుసెట్టు అన్నాడు. ఆ ఫోనుకి మీ కబురు రానేదు. మా యింట్లో ఫోనుకొచ్చినాది.”

అధికారి చక్రపాణి వైపు తిరిగాడు.

“రెండు నంబర్లూ ఉన్నాయి సార్.”

“రెండుంటే ఇంకేం? చేరినట్టే.”

‘హెచ్చరిక అందినా ఖాతరు చేయలేదు’ అని రాసుకుని కారెక్కాడు. ఆరోజు నాకు నోరుంటే ఆ టిక్కు మీద ఉమ్మేసేదాన్ని. గాలికి భయపడే మనిషిని మొండివాణ్ని చేసి వెళ్లారు.

తర్వాత ఆఫీసుకి కొత్త యంత్రం వచ్చింది. పాత వివరాలు అందులోకి ఎక్కించారు. ఎక్కడినుంచి? ఆ దిక్కుమాలిన కిటికీలోంచే. ఊరందరి పై నంబర్లూ కొత్త ఇంటికి వెళ్లాయి, కిందివన్నీ నాతోనే మిగిలాయి. నేనున్న పాత కంప్యూటర్ని స్టోరు గదిలో, విరిగిన ఫ్యాను పక్కన పడేశారు. బల్లులు తిరుగుతుంటాయి. మనుషులకంటే అవే నయం.

నిన్న కొర్లమ్మ వచ్చింది. తలుపు ఇవతల ఉన్నా అన్నీ వినిపించాయి.

“పెద్దాఫీసులో అడుగుతన్నారు బాబూ. మా ఆయనకి యేరే ఫోనున్నట్టు ఒక్క ముక్క రాసియ్యి. మొండిగా ఎలిపోయి సచ్చినాడని మనవలకి సెబుతన్నారు, ఆ మాట తీయించాల.”

కొత్త తెర చూసి చక్రపాణి, “నీ నంబరు ఒక్కటే ఉందమ్మా. లేనిదాన్ని ఉందని ఎలా రాసిచ్చేది?” అన్నాడు.

“నీ సేత్తోనే ఎక్కించినావు గదా బాబూ!”

కుర్చీ జరిగిన చప్పుడైంది. అడుగులు నా గది దాకా వచ్చాయి, తలుపు తెరుచుకుంది. చక్రపాణి నన్ను చూశాడు. గోడకి ప్లగ్గు ఉంది, నాకు తీగ ఉంది. పెడితే చాలు, దానయ్య నంబరు తెర మీదకి వస్తుంది. ఆ సంగతి చక్రపాణికి తెలుసు.

“ఇక్కడా లేదమ్మా,” అని తలుపు మూసి గొళ్లెం పెట్టాడు.