సెల్లుకు పెట్టిన బొట్టు

మా అత్తమ్మ శంకరమ్మ దేనికైనా బొట్టు పెట్టగలదు. దసరా నాడు ఆమె చేతికి పసుపు గిన్నె దొరికిందంటే ఇంట్లో కదలకుండా పడున్న ప్రతి వస్తువూ తన జాగ్రత్తలో తానుండాలి. ఆ పండగ పొద్దున నేను పిల్లను తీసుకుని కందుకూరులో మా అమ్మవాళ్లకు ముఖం చూపించి వచ్చేసరికి దేవుడి గూటి ముందు ఒక సంతే పెట్టింది. మా ఆయన రమేశ్ స్పానర్లు, సుత్తె, ఆమె పాత కొడవలి, మిక్సీ, ఇస్త్రీ పెట్టె అన్నీ బారుగా కూర్చున్నాయి. వాటి మధ్య నా కీబోర్డు, మౌసు, బ్యాటరీ సెల్లుల చార్జరు కూడా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఇవెందుకు పెట్టినవ్ అత్తమ్మా? కరెంటు సామానుకు నీళ్లు తగిలితే కరాబైతయి."

"నీళ్లు పొయ్యలే. తడిబట్టతోటి తుడిచిన. అందరి పనిముట్లకు పెట్టి నీదానికి పెట్టకపోతే మళ్ల నువ్వే అంటవ్."

"నేనెప్పుడన్న అన్ననా?"

"అనవు. మొకం మాడ్సుకుంటవ్."

మేమిద్దరం మాట్లాడుకుంటే ఇలాగే ఉంటుంది. టీలో చక్కెర దగ్గర మొదలుపెట్టి టీవీ సీరియల్లో కోడలిది తప్పా అత్తది తప్పా అన్నదాకా పొద్దుగూకేలోపు అన్నిటి మీదా కొట్లాడుకుంటాం. రమేశ్ బొంగులూరు వెంచర్లలో టిప్పర్ నడుపుతాడు. ఇంటికొచ్చాక మా ఇద్దరి మధ్యా నోరు విప్పడు. ఆ తెలివైనా ఉన్నందుకు సంతోషం.

అయితే ఆ రోజు నా కోపం ఉత్తి కోపం కాదు. మర్నాడే నా పరీక్ష. పెళ్లికి ముందు నుంచీ నేనొక కంపెనీలో బీమా క్లెయిములు చూసే పని చేసేదాన్ని. మా పింకీ కడుపులో పడ్డాక మానేశాను. ఇప్పుడది బడికి పోతోంది. మా ఇబ్రహీంపట్నం చుట్టూ నిన్నటి చేను ఇవాళ ప్లాటవుతోంది, రోజుకో కంపెనీ బోర్డు లేస్తోంది, ఎవరిని చూసినా ఎక్కడికో పరుగెత్తుతున్నారు. నేనొక్కదాన్నే గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టుండేది. ఎన్ని చోట్ల అడిగినా 'మధ్యలో ఇన్నేళ్లు ఖాళీ ఏంటి' అన్నవాళ్లే. చివరికి ఒక్క కంపెనీ పరీక్షకు పిలిచింది. ఇందులో పోతే మళ్లీ రాయడానికి ఏడాది ఆగాలి. ఇంకో ఏడాది ఖాళీ పెరిగితే నన్ను పిలిచేవాళ్లుండరు.

ఈ సంగతి మా అత్తమ్మకు తెలుసు. తెలిసే రోజూ ఒకసారి అనేది, "నీకు గీ ఇంట్ల ఏం తక్కువైందే?" అని. ఆమెకు నేను బయటికి పోవడం ఇష్టం లేదు, అంతే.

వైరు లేని కీబోర్డు నేను సోకుకు కొన్నది కాదు. పింకీ పాలగ్లాసు లాప్‌టాప్ మీద బోర్లించాక దాని అక్షరాల్లో సగం పనిచేయడం మానేశాయి. బాగుచేయించేకంటే ఇదే నయమని రమేశ్ బజార్లో ఈ కీబోర్డూ మౌసూ కొనుక్కొచ్చాడు. ఒక్కోదానికి ఒక్కో సెల్లు. మామూలు సెల్లులు వేసీ వేసీ విసుగొచ్చి చార్జింగ్ సెల్లులు నాలుగు, వాటికో చార్జరు తెప్పించుకున్నాను. రెండు పనిలో ఉంటే రెండు చార్జర్లో ఉంటాయి. పండగ ముందు ఖాళీ అయిన జతను చార్జర్లో పడేసి ఇల్లు కడిగే పనిలో పడ్డాను. స్విచ్ వేశానో లేదో కూడా గుర్తులేదు.

పూజ అయ్యాక కీబోర్డు తెచ్చుకుని అక్షరాల సందుల్లో ఇరుక్కున్న పసుపు అగ్గిపుల్లతో తీశాను. మౌసు వీపు తుడిచాను. చార్జరు నెత్తిన కూడా ఒక బొట్టుంటే తుడిచి, సాయంత్రం ప్లగ్గులో పెట్టాను. ఎక్కుతుంటే ఎర్రలైటు, నిండితే పచ్చలైటు. పెట్టగానే పచ్చగా వెలిగింది. ముందే నిండిపోయాయని మురిసిపోయాను. సెల్లు సరిగ్గా ఆనకపోయినా ఆ చార్జరు పచ్చగానే వెలుగుతుందని నాకప్పటిదాకా తెలియదు.

పరీక్ష ఇంటి నుంచే రాయాలి, కెమెరా ముందు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. కుర్చీలోంచి లేవకూడదు, మాట్లాడకూడదు, స్క్రీన్ మీద నుంచి చూపు పక్కకు పోకూడదు. మూడోసారి తప్పు దొర్లితే పరీక్ష దానంతటదే మూసుకుపోతుంది. పింకీని పక్కింటి ప్రేమమ్మ దగ్గర దిగబెట్టాను. అత్తమ్మ తానుగానే గది తలుపు బయట గచ్చు మీద కూర్చుంది.

"ఎవ్వరు రారు తియ్. నువ్వు జర గడియ పెట్టుకో," అంది.

గడియ పెట్టాను. కెమెరా తిప్పి నాలుగు గోడలూ మంచం కిందా చూపించాను. చార్జర్లోంచి తీసిన రెండు సెల్లులు చూపించి, అవసరానికి టేబుల్ మీద పెట్టుకోవచ్చా అని కెమెరా అవతల చూస్తున్న కంపెనీవాళ్లను అడిగితే సరేనన్నారు. పరీక్ష మొదలైంది.

మొదటి భాగంలో ఇచ్చిన జవాబుల్లో సరైనది ఎంచుకోవడమే. మౌసుతో చకచకా అయిపోయింది. రెండో భాగం మొత్తం రాత. కోపంగా ఉన్న ఖాతాదారులకు జవాబులు రాయాలి. కోపంగా ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో నాకు ఈ ఇంట్లో కావలసినంత అలవాటుంది. వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. చాలా రోజుల తర్వాత నా పని నాకు తిరిగొచ్చినట్టు అనిపించి కళ్లు చెమ్మగిల్లాయి.

రెండో జవాబు మధ్యలో అక్షరాలు ఆగిపోయాయి.

ముందు నేనేదో తప్పు నొక్కాననుకున్నాను. మళ్లీ నొక్కాను. స్క్రీన్ మీద గీత మిణుకుమిణుకుమంటూ అక్కడే నిలబడింది. మామూలు సెల్లు నీరసపడుతూ నీరసపడుతూ చస్తుంది, మనకు ముందే తెలుస్తుంది. చార్జింగ్ సెల్లు చివరిదాకా బాగుండి ఒక్కసారిగా కూలబడుతుంది. ఫరవాలేదు, నిండినవి ఉన్నాయిగా అనుకున్నాను. కీబోర్డు తిరగేసి మూత తీసి సెల్లు మార్చాను. ఆ కాస్తసేపు తల దించినందుకే స్క్రీన్ మీద ఎర్రటి పట్టీ వచ్చింది. మొదటి హెచ్చరిక.

కొత్త సెల్లు వేసినా కీబోర్డు ఉలకలేదు. బయటికి లాగి కెమెరాకు అందేలా ఎత్తి చూశాను. సెల్లు అడుగున, చదునుగా ఉన్న వైపు, ఎండిపోయిన పసుపు ముద్ద, దాని మధ్యలో గుండ్రంగా కుంకుమ. రెండోది తిప్పి చూశాను. దానికీ అంతే. చదునుగా ఉన్నది నొసలనుకుని చక్కగా దిద్ది, మళ్లీ తీసిన చోటే పెట్టింది మహాతల్లి. రాత్రంతా వాటికి చుక్క కరెంటు అందలేదు.

చున్నీతో తుడిచి వేశాను. లేదు. రెండోది వేశాను. అదీ లేదు. ఖాళీ సెల్లును ఎంత తుడిస్తే ఏం లాభం. మౌసులోని సెల్లు గుర్తొచ్చింది. తల దించకుండానే దాన్ని పీకి కీబోర్డుకు వేసి, మౌసు పని లాప్‌టాప్ మీదే వేలితో చేసుకున్నాను. కీబోర్డు బతికింది. రెండో జవాబు ముగించి మూడోది మొదలుపెట్టాను. అక్షరాలు చూసుకోకుండా కొట్టేస్తున్నాను, అదీ కీబోర్డు సెల్లుతో కలిసి చార్జింగయినదే, ఏ క్షణంలోనైనా పోతుందని తెలుసు కనుక. అనుకున్నంతా అయింది. 'మీకు కలిగిన ఇబ్బందికి' అన్నదాకా వచ్చి ఆగిపోయింది.

ఇంకేం మిగల్లేదు. లాప్‌టాప్ అక్షరాలు పాలల్లో మునిగిపోయాయి. పరీక్ష తెర దాటి ఇంకేది తెరిచినా పరీక్ష మూసుకుపోతుంది. పైన మూల టైము తరిగిపోతోంది. నేను ముఖం ప్రశాంతంగా పెట్టుకుని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను. లోపల మాత్రం ఆమెను నానా మాటలూ అంటున్నాను. కావాలనే చేసింది. నా ఉద్యోగం చెడగొట్టడానికి దేవుణ్ని అడ్డం పెట్టుకుంది. రేపటి నుంచి ఆమె ముఖం చూడను అనుకున్నాను.

"పూజితా," తలుపు అవతలి నుంచి మెల్లగా పిలిచింది.

స్క్రీన్ మీద మళ్లీ ఎర్రపట్టీ. గదిలో మరొకరి గొంతు వినిపించింది, ఇది రెండో హెచ్చరిక. ఇంకొక్క మాట అంటే అంతా అయిపోతుంది. నోరు మూసుకోమని అరవాలంటే కూడా నేను నోరు తెరవకూడదు. పళ్లు బిగించి కూర్చున్నాను. ఆమె మళ్లీ పిలవలేదు.

కాసేపటికి తలుపు కింద సందులోంచి ఏదో దొర్లుకుంటూ వచ్చి నా మడమకు తగిలింది. కళ్లు స్క్రీన్ మీదే ఉంచి కాలి వేళ్లతో తడిమాను. సెల్లే. కానీ చిటికెన వేలంత సన్నం. టీవీ రిమోట్‌లోది. అది ఇందులో ఇమడదు. ఆమెకు ఎలా చెప్పను? చూపు తిప్పకుండా దాన్ని పాదంతో వెనక్కి, తలుపు వైపు, గట్టిగా తోశాను. అది చెక్కకు కొట్టుకున్న చప్పుడైంది.

బయట అలికిడి. స్టూలు జరిపిన చప్పుడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, స్టూలు ఎక్కొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఆమె ఎక్కుతున్నప్పటి మూలుగు వినిపించింది. అంత కోపంలోనూ పడిపోతుందేమోనని నాకు భయం వేసింది. పడితే నేను లేవాలి. లేస్తే పరీక్ష పోతుంది. లేవకుండా ఉంటానా? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోకముందే ఆమె దిగిన చప్పుడైంది.

ఈసారి వచ్చిన సెల్లు సగం దూరంలో గచ్చు మీద ఆగిపోయింది. కుర్చీ అంచుకు జారి, కాలు చాచి, బొటనవేలితో అందుకోబోతే ఇంకాస్త అవతలికి దొర్లింది. ఊపిరి బిగబట్టి మళ్లీ చాచాను. దొరికింది. లావుగా ఉంది. దాన్ని పాదం కింద అణచి దగ్గరికి లాక్కుని, వేళ్ల మధ్య ఇరికించి, ముల్లు తీసుకునేటప్పుడు వేసినట్టు కాలు మోకాలి మీద వేసుకుని చేత్తో అందుకున్నాను. చూపు స్క్రీన్ మీదే ఉంది. చూడకుండానే కీబోర్డు వీపు తడిమాను, సెల్లు మొన ఎటుందో వేలితో తెలుసుకున్నాను, నొక్కాను. చిన్న లైటు వెలిగింది.

తర్వాత నేనేం రాశానో నాకు సరిగ్గా గుర్తులేదు. మూడోది ముగించాను. నాలుగోది సగంలో ఉండగా టైము అయిపోయింది. పంపించేశాను.

తలుపు తీశాను. ఆమె గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో గోడ గడియారం, పక్కన మూత లేని రిమోటు. నేను ఆ రెండు సెల్లులూ ఆమె ముందు గచ్చు మీద పెట్టాను, బొట్టు మరకలు పైకి ఉండేలా.

"కావాల్నని చేసినవా అత్తమ్మా?"

కాదంటుందనుకున్నాను. కాదంటే కొట్లాడటానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె సెల్లును చేతిలోకి తీసుకుని చూసింది.

"బొట్టు కావాల్నని పెట్టలే. గది అట్ల ఆపుతదని నాకేం ఎర్క," అంది. "మొక్కింది మాత్రం కావాల్ననే మొక్కిన. నీకు నౌకరి రావద్దని."

నేను ఆమె ముఖంలోకే చూశాను.

"గట్ల చూడకు. పొద్దుగాల వాడు పోతడు, పిల్ల పోతది. నువ్వు గుడ పోతే గీ ఇంట్ల నాతోని కొట్లాడెటోళ్లు ఎవరున్నరు? పొద్దంత గోడలతోని కొట్లాడాల్నా?" ఆమె నా వైపు చూడకుండా గడియారం అద్దం కొంగుతో తుడుస్తోంది. దాని మీద దుమ్మేమీ లేదు.

"మరి ఇప్పుడెందుకు ఇచ్చినవ్ సెల్లు?"

"నీ టకటక చప్పుడు బందయింది. మళ్ల రాలే. సెల్లు అయిపోయిందనుకున్న. లోపట ఏడుస్తున్నవేమో అనిపిచ్చింది." గొంతు సవరించుకుంది. "నౌకరి రావద్దని మొక్కిన గని, నువ్వు ఏడువాల్నని మొక్కలే."

నేను అక్కడే ఆమె పక్కన గచ్చు మీద కూలబడ్డాను. కోపం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. దానితో పాటే ఏడుపూ వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చేశాను.

"గిప్పుడెందుకు ఏడుస్తున్నవే?" అని కసిరింది మా అత్తమ్మ. "పెట్టిన మొక్కు వాపస్ తీసుకుంట తియ్. నౌకరి వస్తే పో."

నేను పోతాననీ అనలేదు, పోననీ అనలేదు. ఆమె భుజానికి తల ఆనించి ఏడుస్తూనే ఉన్నాను. ఆమె కూడా నన్ను లేవమనలేదు.