పంటి నొక్కు

ఆకురాయితో రెండు రాపులు, ఉఫ్‌మని ఒక ఊదుడు, మళ్ళీ రెండు రాపులు. త్రీడీ ప్రింటర్ అచ్చుపోసిన, నోట పెట్టుకుని ఊదే క్లారినెట్ మూతుల్ని నున్నగా చెయ్యడమే ఆయన ఉద్యోగం. మీసాల్లో, చెవుల్లో, ఆఖరికి అన్నం గిన్నెలో కూడా నల్లటి రజనే. అందుకే వర్క్‌షాపులో అందరికీ ఆయన రజను బాబాయి.

పైపళ్ళు ఆనించి వాయించే చోట ప్రతి మూతికీ రెండు నొక్కులుండేవి, ఒకటి కాస్త వంకరగా. అవి ఆయన భార్య పళ్ళవి. ఆవిడ బ్యాండులో క్లారినెట్ వాయించేది. పన్ను మీద పన్ను. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆవిడ పోయాక, నమూనాకి మంచి నాదమున్న మూతి కావాలంటే ఈ మహానుభావుడే ఆవిడ క్లారినెట్‌ది తీసుకెళ్ళి ఇచ్చాడు. స్కానర్‌కి ఏది ఉంచాలో ఏది వదలాలో ఏం తెలుసు? ఉన్నది ఉన్నట్టు దింపేసింది, పళ్ళ నొక్కులతో సహా. తర్వాత లోపలి కొలతల కోసం అసలు మూతిని నిలువునా కోసేశారు.

అప్పట్నుంచీ ఆ నొక్కుల్ని చేజేతులా చెరుపుతున్నది ఆయనే. చెరిపితే ఏం, పొద్దున్నే కొత్త ట్రేలో మళ్ళీ వస్తుందిగా అనుకునేవాడు. ఇంట్లో ఎలాగూ పలకరించే దిక్కు లేదు.

ఆవేళ టీ తాగి వచ్చేసరికి ట్రే ఖాళీగా ఉంది. డిజైనరమ్మాయి మొహం వెలిగిపోతోంది.

"బాబాయ్, నీ కష్టం తీరిపోయింది! ఆ సొట్టలు ఫైల్లోనే పూడ్చేశా. పాతవన్నీ క్రషర్లో వేయించేశా."

"పాత ఫైలు ఉందామ్మా?"

"దాని మీదే సేవ్ చేశా. ఎందుకూ?"

ఎందుకో చెబితే పిల్ల బాధపడుతుంది, మేలు చేశాననుకుంటోంది పాపం. "ఏం లేదులే" అని బాబాయి బల్ల దగ్గరికి వచ్చాడు. టీకి వెళ్తూ బిగింపులో వదిలేసిన మూతి ఒక్కటి మిగిలింది. ఒక నొక్కు అప్పటికే చెరిపేశాడు. ఎంత పని చేశావురా అని తనని తానే తిట్టుకున్నాడు. వంకర పంటిది మాత్రం ఉంది. బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"ఇది నేనుంచుకుంటానమ్మా."

"పాడైపోయిందిగా బాబాయ్, దాంతో ఏం వాయిస్తావ్?"

"నాకు వాయించడం ఎక్కడొచ్చు!" అని నవ్వాడు.

మర్నాడు పనికి రాలేదు, ఫోనెత్తలేదు. ఎదురింటాయన తలుపు తోసి చూస్తే, నిద్రలోనే పోయాడు, ఒత్తిగిలి పడుకుని. పక్క దిండుకి ఉతికిన గలీబు తొడిగి ఉంది. దాని మీద ఆ నల్లటి మూతి, పంటి నొక్కు ఆయన వైపుకి.