ఆకలి వాటా

చెక్క గరిటె కాబట్టి అదే విరిగింది, చేతికి ఇనప గరిటె అందుంటే పిల్ల వీపు విరిగేది, అనుకుంటూ ఆమె ల్యాబులో రక్తం గొట్టాల్ని తిప్పే యంత్రంలో దించింది, పొద్దున తలుపు వెనక నక్కి పంచదార బుక్కుతున్న కూతురు, మూతి చుట్టూ తెల్లగా, అమ్మా ఆకలేసిందే అంది, ఇప్పుడేగా మెక్కావు దున్నపోతా అని మొదటి దెబ్బ, ఆ మాట తనదా, తన తల్లిదా, తల్లి అయితే అన్నం పెట్టినట్టే పెట్టి పళ్ళెం లాగేసేది, నీది కడుపా చిల్లు పడ్డ గోనెసంచా, ఇల్లు తినేసి ఇటుకలు మిగులుస్తావే అని జుట్టు పట్టుకుని తల బీరువాకేసి బాదేది, బీరువాకి సొట్ట పడింది, చుట్టాలొస్తే ఆ సొట్ట చూపించి మా దాని తల గట్టిదండీ అనేది, అందరూ నవ్వేవాళ్ళు, తనూ నవ్వేది, యంత్రం మూత వేసి మీట నొక్కింది.

ఇటొక గొట్టం పెడితే అటు అంతే బరువుది పెట్టాలి, ఈ పనిలో మొదటి పాఠం అదే, పెట్టలేదు, వేగం అందుకోగానే యంత్రం బల్లని గుద్దడం మొదలెట్టింది, లోపల గొట్టాలు పగిలాయి, మూత అద్దం మీదికి ఎర్రగా చిమ్మింది, అందరి రక్తమూ తీసే సూదక్క పరిగెత్తుకొచ్చి తీగ పీకేసి, ఏమే, పొద్దున్నే ఎవర్ని చంపొచ్చావు అంది, అంటూ నవ్వింది, ఆమెకి నవ్వు రాలేదు, లోపల్నుంచి డాక్టరమ్మ పిలిచింది, తిట్టడానికే అనుకుంది, పోయినవి పోయాయిలే, కూచో, నీ రక్తం సంగతి మాట్లాడాలి అంది డాక్టరమ్మ, ఒళ్ళు పెంచే జన్యువులున్న ఆడవాళ్ళ కణాలు తొందరగా ముసలివవుతాయా అన్నది అక్కడి పరిశోధన, పోల్చడానికి మామూలు మనిషి రక్తం కావలసొస్తే ఎదురుగా ఉన్నవాళ్ళ చెయ్యి గుచ్చడం అలవాటు, ఆమె సన్నగా ఉంది కాబట్టి సూదక్క ఆమెది తీసి మామూలు అని చీటీ అంటించేసింది, ఆమె ఒంటిపూట తిండితో ఒళ్ళు అణిచిపెడుతోందని సూదక్కకేం తెలుసు.

నువ్వు మామూలు కాదమ్మా, ఆకలి పెంచే ఆ జన్యువు నీలో రెండు వైపుల్నుంచీ వచ్చింది, అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి, కణం రెండైనప్పుడల్లా క్రోమోజోముల కొసలు కాస్త అరుగుతాయి, నీవి నీకంటే పదేళ్ళు పెద్దావిడవిలా అరిగిపోయాయి అంది డాక్టరమ్మ, జన్యువు వల్లేనా అండీ, కావచ్చు, అంతకు మించి చెప్పలేను, తిండి మానేసినా అరగొచ్చు, బతుకు నలిపేసినా అరగొచ్చు, అరగదీసిందెవరో చెప్పే యంత్రం మన దగ్గర లేదు, మరి పిల్లకి అంది ఆమె, రెండూ అవే కాబట్టి నీ పిల్లకి ఒకటి వెళ్ళి తీరుతుంది, ఆకలి కాస్త ఎక్కువేస్తుంది, అంతే, భయపడకు.

అంతే, అంటే ఎండుపుల్లలా ఉండే అమ్మకీ ఒకటుంది, అమ్మ ఆకలిని తొక్కిపెట్టి ఆ కసి తన మీద తీర్చుకుంది, పోయింది కాబట్టి బతికిపోయింది, లేకపోతే ఆ జుట్టే పట్టుకుని ఆ బీరువాకే, అదే సొట్టలో, రక్తం కారేదాకా, అనుకుంటుంటే గోళ్ళు అరచేతిలో దిగాయి, అప్పుడే ఫోను, బడి నుంచి టీచరు, పాప వీపు మీద వాతలున్నాయండీ, మెట్ల మీద పడ్డానంటోంది, మీరొచ్చి అవునంటే మీతో పంపిస్తాం, కాదంటే పైవాళ్ళకి చెప్పాలి, వస్తున్నానండీ అంది, దారంతా అవును అన్న ఒక్క మాటే నమిలింది, అవునండీ మెట్లే, అది చిన్నప్పట్నుంచీ అంతే, ఇంటికెళ్ళాక పిల్లకి చెబుతుంది, నీ తప్పు కాదే, నేనిచ్చిన ఆకలే అది, మా అమ్మ నాకిచ్చింది, అని, ఎంత తేలికైన మాట, ఎవరి తప్పూ లేదు.

టీచరు గదిలో పిల్ల బల్ల అంచున కూచుంది, వీపు ఆనించలేక, మెట్లేనా అండీ అంది టీచరు, పిల్ల తల్లి ముఖంలోకి చూసి, అవునను అన్నట్టు తలాడించింది, కాలరు మడత పడి ఉంది, సరిచేద్దామని ఆమె చెయ్యెత్తింది, పిల్ల రెండు మోచేతులూ తల మీదికి తెచ్చి కళ్ళు మూసుకుంది, చెయ్యి గాల్లోనే ఆగింది, ఈ బెదురు రక్తంలో రాలేదు, దీనికి ఏ పరిశోధనా అక్కర్లేదు, ఇందులో కావచ్చు అన్న మాట లేదు, ఇది అమ్మ పెట్టిన వాటా కూడా కాదు, ఈ పొద్దున తను పెట్టింది.