ఏనుగుబండ కుడి పక్క

మా మామ రంగసామి నాకు పుట్టి, అదే గుండ్రటి బుట్టపడవ, నడపడం నేర్పిస్తానన్నప్పుడు హొగెనక్కల్‌లో నవ్వనివాళ్లు లేరు. కంబైనల్లూరులో పసుపు పండించే ఇంటి పిల్ల, పెళ్లయ్యేదాకా మోకాలి లోతు నీళ్లలో కూడా దిగనిది, కావేరిలో తెడ్డు వేస్తుందట! నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాను. నా మొగుడు లోకనాథన్ రెండువేల ఐదు వరద తీసీ తీయగానే ఏట్లో పోయాడు. శవం కూడా దొరకలేదు. ఇప్పుడు మామకు చేతులు వణుకుతున్నాయి. ఆ తెడ్డు నేను పట్టకపోతే ఇంట్లో పట్టేవాళ్లు లేరు.

మామ మంచి గురువేం కాదు. ఒకసారి చెప్పింది మళ్లీ అడిగితే తెడ్డుతో నా మొహాన నీళ్లు చిమ్మేవాడు. కానీ ఆయన చెప్పాక నీళ్లు నాకు వేరేగా కనిపించసాగాయి. సన్నగా ముడతలు పడితే కింద రాళ్లున్నట్టు. నూనె పోసినట్టు నున్నగా ఉంటే కింద సుడి ఉన్నట్టు.

"నున్నంగా కనపడేదాన్ని నమ్మద్దు. పోయినేటి ఏరు వేరే, ఈయేటి ఏరు వేరే," అనేవాడు.

ఇవన్నీ ఒడ్డున కూర్చోబెట్టే చెప్పేవాడు. పుట్టి ఎక్కాక మేం తమిళమే మాట్లాడతాం. ఈ తమిళనాడు రేవుల్లో పుట్టి నడిపే తెలుగు ఇళ్లన్నిటికీ అదే కట్టుబాటు. ఏట్లో పోయినవాళ్లు ఇంటి మాట, అంటే తెలుగు, వింటే తమను పిలిచారనుకుని పలుకుతారట. నేను నమ్మలేదు. నా నోరు మూయించడానికి మామ పన్నిన ఉపాయం అనుకున్నాను.

కొండల మధ్య ఏరు ఇరుకైన చోట ఏనుగుబండ ఉంది. వరదకు ముందు దారి దానికి కుడి పక్క. వరద రాళ్లను దొర్లించి అక్కడ సుడి పెట్టింది. అది తెలియక పాత దారినే పోయి మా ఆయన మునిగాడు. ఇప్పుడు దారి ఎడమ పక్కనే. ఒంటరిగా బండ దాటి కింది రేవుకు వస్తే తెడ్డు నాదేనన్నాడు మామ.

మిట్టమధ్యాహ్నం బయల్దేరాను. బండ దగ్గర పడేసరికి పుట్టి గిర్రున తిరిగింది. తెడ్డు చేతిలోంచి జారబోయింది.

"అయ్యో, సచ్చినానే!" అని అరిచాను. తెలుగులోనే.

ఏటి హోరు ఆగిపోయింది. పొద్దుటి నుంచి చెవుల్లో ఉన్న హోరు, ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయింది.

"కవీ, బయపడద్దు. కుడికి తిప్పు."

నన్ను కవీ అని పిలిచే మా ఆయన గొంతే. జలుబు చేసినప్పుడు ఉండేలా కాస్త బొంగురుగా ఉంది. భయంతో తెడ్డును గట్టిగా పట్టుకున్నాను. ఆ వెంటనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషం వేసింది. ఆ గొంతు కోసం ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

"యాడ ఉండారు మీరు?" అన్నాను. కట్టుబాటు గంగలో కలిసింది.

"కుడికే కవీ. ఎప్పుడూ పొయ్యే దారే గదా. నాయన నాకు నేర్పించింది అదే."

చూశాను. కుడి పక్క నీళ్లు నున్నగా ఉన్నాయి. ఒక్క ముడత లేదు. మునిగాక కూడా ఆయనకు పాత ఏరే గుర్తుంది. నా చేతులు కుడికే పోబోయాయి. ఏడుస్తూ, నన్ను నేనే తిట్టుకుంటూ ఎడమకు తోశాను.

"ఆ పక్కకి యాల పోతావమ్మే? నేనుండేది ఈ పక్క గదా," అన్నాడు. కోపం లేదు. అలిసి ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నట్టు అడిగాడు.

పుట్టి బండను రాసుకుంటూ దాటింది. హోరు మళ్లీ చెవుల్లో పడింది.

కింది రేవులో మామ నిలబడి ఉన్నాడు. నా మొహం చూడగానే ఆయనకు తెలిసిపోయింది. పుట్టిని ఒడ్డుకు లాగి, నేను దిగాక అడిగాడు.

"ఏ పక్కకి పిలిచినాడు?"

"కుడికి."

"నన్నూ అట్లే పిలస్తాడు. ఆడికొస్తే నా నోరు ఊరుకోదు, నేనే తెలుగులో పలకరిస్తా వాణ్ణి. పోయిన నెల కుడికి తిప్పేసినాను గూడా. పుట్టిలో జనం ఉండారు. ఎట్ల బయటపడినామో సామికే తెలుసు. నా చేతులు వణికేది ముసిలితనానికి కాదమ్మా."

తెడ్డును తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"రేపు నన్ను గూడా ఎక్కించుకోని పో. వాడి గొంతు వినాల. నేనెంత అడిగినా తెడ్డు మాత్రం నాకియ్యద్దు."