ఎడమ సగం

భూకంపానికి బీటలు వారిన, చీనా వాళ్ళ సముద్ర దేవత మాజు అమ్మవారి గుడిని మా రేవులో మళ్ళీ కడుతున్నారు. ఆచారం ప్రకారం ఎడమ సగం ఒక మేస్త్రికి, కుడి సగం అతని పోటీదారుకు ఇచ్చి, నడుమ తడిక కట్టారు. ఎడమది నా భర్త సియోక్‌ది, కుడిది యాప్ మేస్త్రిది. వానకోయిల తోకలా చివర్లు లేచిన పైకప్పు కొప్పు మీద రెండు డ్రాగన్లు ఎదురెదురుగా నిలవాలి. సియోక్ తన డ్రాగన్‌కు తల పెట్టకముందే జ్వరంతో పోయాడు.

అంత్యక్రియలు ముగిశాక గుడి కమిటీ పెద్ద కో గారు నేను పాఠాలు చెప్పే బడికి వచ్చారు. మైల ఇంటిదానినని వరండాలోనే దూరంగా నిలబడ్డారు.

"టీచరమ్మా, ఆ తల యాప్ చేత పెట్టిస్తాం. ముహూర్తం దగ్గరపడింది."

అలా చేస్తే ఎడమ సగం కూడా యాప్ పేరనే చెల్లుతుంది. సియోక్ ఓడినట్టే.

"నేను పెడతాను. రంగురంగుల పింగాణీ గిన్నెలు పగలగొట్టి దాని పొలుసులన్నీ కత్తిరించింది నేనే."

"మైలలో గుళ్ళో అడుగు పెడతావా?"

"పెట్టను. గడప దాటను. పరంజా వీధిలో ఉంది."

"అమ్మవారి నెత్తినెక్కుతావా!"

"పావురాలు ఎక్కడం లేదా, బాబాయ్?"

ఆయన ముఖం కందిపోయింది. "సరే, అమ్మనే అడుగుదాం."

మర్నాడు పొద్దున్నే, అమ్మవారిని దాచిన పాకలో ఆయన నెలవంక చెక్కలు వేశారు. నేను బయటే నిలబడ్డాను. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మ సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడి ఊగాయి. అంటే అమ్మ నవ్విందని అర్థం.

"నిన్ను చూసే నవ్వుతోంది!"

"వద్దనలేదుగా."

"మళ్ళీ వేస్తా ఆగు."

"మీరు వేస్తూ ఉండండి. నా సున్నం ఆరిపోతోంది."

నిచ్చెన ఎక్కాను. ఎవరూ పట్టుకోలేదు. సియోక్ బిగించి ఉంచిన తీగల చుట్టూ సున్నం అద్ది, నుదురు, దవడ పెంకులు, ఒక కన్ను అతికించాను. కింద జనం గోల చేస్తున్నారు.

"యాప్! ఆమెను దింపు!" అని కో గారు అరిచారు.

యాప్ తన పరంజా మీంచి తడిక మీదుగా తొంగి చూశాడు.

"అవతలి సగాన్ని నేనెట్టా తాకుతానండీ? నా తాతముత్తాతలు తాకారా?" అన్నాడు. నా పనిని ఎగాదిగా చూశాడు. "ఏమమ్మా, నీ డ్రాగన్‌కు మెల్లకన్నా?"

దవడ మీద కారిన సున్నం తుడిచాను.

"ముందు మీ దాని నోరు చూసుకోండి మేస్త్రీ. కట్టుడు పళ్ళ ముసలాడిలా ఉంది."

కింద ఎవరో పకపకా నవ్వారు. నేను రెండో కన్ను అందుకున్నాను.