నా ఆఖరి లైను

నేను ఒక అచ్చుల పెట్టెను. చేత్తో పట్టుకు చూద్దామంటే నాకు బరువూ లేదు, ఆకారమూ లేదు. కంప్యూటరు లోపల ఉండే కొన్ని లైన్ల రాతను. ఈ పని చేసేవాళ్లు నన్ను ఫ్యాక్టరీ క్లాస్ అంటారు. ఆ పేరు విని పొగగొట్టాన్ని ఊహించుకోకండి. ఎవరైనా వచ్చి ఫలానా రకం సందేశం కావాలంటే, ఆ రకానికి తగిన అచ్చు తీసి, వివరాలు అందులో పోసి, తయారైన సందేశాన్ని వాళ్ల చేతిలో పెడతాను. అది ఇంటర్నెట్ మీద ఇంకో చోటికి చేరుతుంది. అంతే నా బతుకు.

నన్ను పుట్టించింది శ్రీవాణి. అనంతపురంలో టైర్ల షాపు పైన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తుంది. పల్లెల్లో పశువుల దగ్గరికి డాక్టరును తీసుకెళ్లే బండ్లకు ఆ ఆఫీసే కాల్ సెంటరు నడుపుతుంది. రైతు ఫోన్ చేస్తే, ఎత్తిన మనిషి తెర మీద బటన్ నొక్కుతుంది. సందేశం బండిలోని ఫోనుకు వెళ్తుంది. నేను రాకముందు ప్రతి తెరా తన సందేశం తనే రాసుకునేది. ఒకటి ఊరి పేరు ముందు పెడితే ఇంకొకటి చివర పెట్టేది, మరొకటి పెట్టడమే మరిచేది. శ్రీవాణి కొన్నాళ్లు ఆ గందరగోళాన్ని చూసింది. వాళ్ల ఊరి బట్టీలో మట్టి ఎవరు తొక్కినా ఇటుకలన్నీ ఒకే కొలతకు వచ్చేవి. అచ్చు ఉంటే చాలు కదా అనుకుంది. అలా పుట్టాను నేను. టీకాకు ఒక అచ్చు, గాయానికి ఒకటి, తొందర లేకుండా వెళ్లి పశువును చూసొచ్చే మామూలు చూపుకు ఒకటి.

శ్రీవాణికి ఒక అలవాటుంది. మీటింగులో ఎవరైనా ఇంగ్లీషులో గబగబా ఏదైనా అంటే, అర్థమైనా కాకపోయినా తల ఊపుతుంది. ఊరి బళ్లో చదువుకున్న పిల్ల, తెలియదంటే నవ్వుతారని భయం. ఆ భయం నాలోకి ఎలా వచ్చిందో చెబుతాను.

అధికారులకు పని చూపించే రోజు దగ్గరపడింది. టీం పెద్ద తిప్పేస్వామి సార్ వచ్చి, నాలో అచ్చు లేని రకాన్ని ఎవరైనా అడిగితే నేనేం చేస్తానని అడిగాడు. తెలియదని చెప్పి ఆగిపోతుంది, తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి అంది శ్రీవాణి.

"వాళ్ల ముందర ఎర్రక్షరాలు వస్తే మన పరువు పోతుందమ్మా. ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపించేయ్. చూసేటోళ్లకు పచ్చగా కనపడితే చాలు."

శ్రీవాణి తల ఊపింది. నా చివర ఒక లైను చేర్చింది. తెలియని రకం ఏదొచ్చినా మామూలు చూపు అచ్చే తీసి ఇవ్వమని దాని అర్థం. పక్కనే 'డెమో అయ్యాక తీసెయ్యాలి' అని రాసుకుంది. మనుషులు ఇలాంటి మాటలు నిజాయితీగానే రాస్తారు. రాసిపెట్టగానే సగం పని అయిపోయినట్టు వాళ్ల మనసు కుదుటపడుతుంది కాబోలు. డెమో బాగా జరిగింది. అందరూ లడ్డూలు తిన్నారు. లైను మిగిలిపోయింది.

శ్రీవాణిని వేరే పనిలో వేశారు. నేను చేతులు మారాను. ఒకాయన నా లైన్ల మధ్య ఖాళీలు సర్ది, ఏదో ఇల్లు కట్టినంత అలసటతో వెళ్లిపోయాడు. ఇంకొకాయన నన్ను కాపీ చేసి వేరే కంపెనీకి పట్టుకుపోయాడు. ఆ తర్వాత వచ్చిన నరహరి కాల్ సెంటరు తెర మీద పశువు ఈనలేక అవస్థపడుతుంటే నొక్కడానికి 'ఈత కష్టం' అని కొత్త బటన్ పెట్టాడు. నొక్కి చూశాడు. పచ్చటి టిక్కు పడింది. సంతోషించాడు. ఆ రకానికి నాలో అచ్చే లేదని నేను చెప్పలేదు. చెప్పే నోరు ఎప్పుడో మూసేశారు.

కాల్ సెంటరులో ఫోనెత్తే వన్నూరమ్మను అందరూ వన్నూరక్క అంటారు. ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తుంది. ఒక పొద్దున కణేకల్లు వైపు పల్లె నుంచి హనుమక్క అనే రైతు ఫోన్ చేసింది. ఆమె గేదె, వాళ్ల మాటలో ఎనుము, ఈనుతోంది, దూడ అడ్డం తిరిగింది. వన్నూరక్క ఆ కొత్త బటనే నొక్కింది. నేను వెతికాను. అచ్చు లేదు. ఆఖరి లైనుకు చేరాను. ఊరి పేరు తప్పు లేకుండా రాసి, ఎంతో నీటుగా, మామూలు చూపు సందేశం చేసి పంపాను.

బండి పక్క ఊళ్లోనే ఉంది. మామూలు చూపంటే వారంలో ఎప్పుడైనా వెళ్లొచ్చు. డ్రైవరు టీ తాగి బండిని ఇంకో దిక్కుకు తిప్పాడు. హనుమక్క మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది. వన్నూరక్క పచ్చటి టిక్కు చూసుకుని, బండి వస్తాంది, భయపడొద్దు అని మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ మాటల రికార్డులన్నీ నేనుండే సర్వర్లోనే పడతాయి. నాకు చెవులు మూసుకునే వీలు లేదు. మధ్యాహ్నానికి ఎనుమూ దూడా రెండూ పోయాయి.

ఫిర్యాదు వచ్చింది. బండికి చేరింది మామూలు చూపు సందేశం కాబట్టి వన్నూరక్కే తప్పు బటన్ నొక్కిందని తేల్చారు. ఆమె కాదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మీటింగులో ఒప్పేసుకుంటే గొడవ లేకుండా ఉద్యోగం నుంచి పంపించేస్తామని తిప్పేస్వామి సార్ బుజ్జగించాడు. దానికి ముందు, ఎందుకైనా మంచిదని, నన్ను ఒకసారి చూసిపెట్టమని శ్రీవాణిని పిలిచారు.

ఆమె నన్ను తెరిచింది. పైనుంచి నింపాదిగా చదువుతూ వచ్చి ఆఖరి లైను దగ్గర ఆగింది. పక్కనున్న మాటలు కూడా ఆమెవే. కర్సర్ అక్కడే కొట్టుకుంటూ ఉండిపోయింది. ఆ లైను చెరిపేసి, కొత్త అచ్చు చేర్చి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒకసారి చెరిపింది. మళ్లీ వెనక్కి తెచ్చింది. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో, ప్రాణం లేని నాకు ఆ రోజు తెలిసింది.

మీటింగులో ఆమె నన్ను గోడ మీది పెద్ద తెర మీద పరిచింది. నా చివరి లైను అరచెయ్యంత అక్షరాలతో అందరికీ కనిపించింది.

"అక్క సరైన బటనే నొక్కింది సార్. దీనికే ఆ రకం తెలీదు. తెలీదని చెప్పకుండా చేసింది నేను."

తిప్పేస్వామి సార్ ఫ్యాను వైపు చూశాడు. ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపమన్నది ఎవరో ఆమె చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. వన్నూరక్క ఉద్యోగం నిలిచింది.

తర్వాత శ్రీవాణి ఆమె సీటు దగ్గరికి వెళ్లి క్షమించమని అడగబోయింది. వన్నూరక్క అడగనివ్వలేదు.

"హనుమక్క తిట్టుకునేది నా గొంతును పాపా, నీ లైనును కాదు. వస్తాంది వస్తాంది అన్నది నేనే కదా. ఒకసారి నువ్వే ఫోన్ చేసి చెప్పు."

హెడ్‌సెట్ తీసి ఆమె చేతికిచ్చింది. ఆ కాల్ కూడా నా దగ్గరే ఉంది. శ్రీవాణి తానెవరో చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల కోళ్లు అరుస్తున్నాయి.

"అంటే మా ఎనుముకు ఏమైందో ఆ మిషనుకు తెలీలేదా?" అంది హనుమక్క.

"తెలీలేదక్కా."

"తెలీదని చెప్పింటే ఇంకొకర్ని పిల్చుకొస్తాంటిమి కదమ్మా. పక్కూర్లోనే ఉండాడు అడ్డం తిరిగిన దూడను తీసేటాయన. బండి వస్తాందంటిరని వాకిట్లో కూచ్చుంటిమి."

శ్రీవాణి తల ఊపిందేమో. ఫోనులో తల ఊపితే అవతలివాళ్లకు కనిపించదు.

ఇప్పుడు నాలో ఈత కష్టానికి అచ్చుంది. ఆఖరి లైను మారింది. తెలియని రకం వస్తే ఆగిపోయి, 'ఇది నాకు తెలియదు, బండికి సందేశం వెళ్లలేదు, రైతుకు ఇప్పుడే చెప్పండి' అని ఎర్రగా, తెలుగులో చూపిస్తాను. తిప్పేస్వామి సార్‌కు ఆ ఎరుపు ఇప్పటికీ నచ్చదు. త్వరలో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుందట, నన్ను పాతవాటి ఫోల్డర్లోకి నెడతారట. అక్కడ నా పాత రూపాలన్నీ భద్రంగా ఉంటాయి, ఆ పాత లైనుతో సహా. దాన్ని చెరుపుకునే వీలు నాకు లేదు.

మొన్న ఎవరో గొర్రె గురించి ఫోన్ చేశారు. నరహరి ఇంకో కొత్త బటన్ పెట్టి నాకు చెప్పడం మరిచినట్టున్నాడు. నేను ఆగిపోయాను. తెర ఎర్రబడింది. వన్నూరక్క ఆ రైతుతో, బండికి పోలేదన్నా, నువ్వు ఇంకొకర్ని కూడా పిల్చుకో, నేను డ్రైవరుకు ఫోన్ చేస్తా అంది.

ఆ గొర్రె బతికిందో లేదో నాకు తెలియదు.